చీకటికోన నవ్వు

రోజు 112

ఆట: చీకటికోన. పదకొండో కూర్పు.
సరిచేసినవి: ఐదో మలుపులో పడవ గోడలోకి దూరిపోయే తప్పు. గబ్బిలాలకు రెండో రంగు.
మిగిలినవి: ఆరో మలుపు దగ్గర నవ్వు. ఆట ఎక్కించడానికి ఖాళీ చిప్పు.

డబ్బా ఆటలు రాసేవాళ్ళు ఏ రోజు ఏం మార్చారో పుస్తకంలో రాసిపెట్టాలి. నాతో కలిసి ఆటలు చేసే కూర్మారావు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. నాకు రెండు ముక్కల్లో ఆగదు.

పొద్దున నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా పట్టీలు కడిగాను. నిన్న పార్కుకి వచ్చినవాళ్ళు చేతులకు కట్టుకుని విప్పేసిన నాడి పట్టీలు, రెండు వేల పైచిలుకు. సబ్బునీళ్ళలో ముంచి, తుడిచి, తీగ మీద ఆరేయాలి. ఒక్కో పట్టీ ఒక్కో మనిషి గుండెను రోజంతా విని వచ్చింది. గుండె కాస్త గబగబా కొట్టుకుంటే చాలు, జెయింట్ వీల్ నెమ్మదిస్తుంది, నీళ్ళజారుడు వాలు తగ్గించుకుంటుంది, దయ్యాలకొంపలో దయ్యం తప్పుకుని దారిస్తుంది. ఈ పార్కులో కేక విని రెండేళ్ళయింది. జనం నవ్వుమొహాలతో వచ్చి అవే నవ్వుమొహాలతో పోతున్నారు. లోపల వాళ్ళకు జరిగిందేమీ లేదు.

అందుకే నాకు డబ్బా ఇష్టం. మా అమ్మమ్మ పుట్టకముందు తయారైన ఆటపెట్టె, రెండు బొత్తాలు, ఒక పుల్ల. దానికి నేనెవరో తెలియదు, నా గుండె సంగతి దానికి పట్టదు. అందుకే నన్ను ఓడిస్తుంది. ఓడిపోయే హక్కు కూడా హక్కేనని తొమ్మిదో కరపత్రంలో ఉంది. పార్కు పాత స్టోరురూములో చెదలు తిన్న కూలీల సంఘం కరపత్రాల కట్ట దొరికినప్పటి నుంచి నాకు వేరే బడి అక్కర్లేకపోయింది.

పట్టీ లేకుండా ఎక్కగలిగే ఆట పార్కులో ఇక ఒక్కటే, చీకటికోన. గుహలో పడవ ప్రయాణం, ఏడు మలుపులు. దాన్ని కూడా రెండేళ్ళ కింద మెత్తబరిచారు. చిప్పు మార్చి పడవను నెమ్మది చేశారు, ఆరో మలుపు దగ్గర చీకట్లోంచి వినిపించే నవ్వు తీసేశారు. నా ఏడో ఏట ఆ నవ్వుకి నిక్కరు తడుపుకున్నాను. బయటికొచ్చాక మళ్ళీ ఎక్కుతానని ఏడ్చాను. ఈ ఆట రాస్తున్నది ఆ నవ్వు కోసం.

చిప్పు మార్చింది పార్కు కమిటీ కాదు. కమిటీ కాగితం రాసింది. స్క్రూడ్రైవర్ పట్టుకున్నది ముప్పై ఎనిమిదేళ్ళుగా చీకటికోన నడుపుతున్న అసిరినాయుడు తాత. ఆ సంగతే కరపత్రం రాసి టికెట్ల గోడకి అంటించాను. పెద్ద అక్షరాలతో, "నవ్వుని చంపిన ద్రోహి అసిరినాయుడు".

రోజు 113

తాత దగ్గరికి వెళ్ళాను. కంట్రోలు గది బయట స్టూలు మీద కూర్చుని పళ్ళ బ్రష్షుతో ఒక చిప్పు కాళ్ళు తోముతున్నాడు.

"గోడ మీద చదివావా?" అన్నాను.

"సదివీసాను. నా పేరు అంతంత అచ్చరాల్తో ఎప్పుడూ సూసుకోనేదు. మా పెళ్ళి శుభలేకలో కూడా సిన్నగానే ఏసారు."

"నీకు వేళాకోళంగా ఉందా? తీసింది నువ్వు కాదా?"

"నేనే."

"చెయ్యనని అనలేకపోయావా?"

"అంటే నన్ను తీసీసి ఇంకోడ్ని ఎడతారు. ఆడికి కోన తలుపు ఎటేపు తెరుసుకుంటాదో కూడా తెల్దు."

"ప్రతి ద్రోహీ చెప్పేది ఇదే."

తాత చిప్పు మీదికి ఊది, వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "అమ్మీ, నువ్వు సదివి కోప్పడతన్నావా, కోపమొచ్చి సదువుతన్నావా?"

నా చెవులు వేడెక్కాయి. "ఏంటది?" అన్నాను, చిప్పు చూపించి.

"ఇదా? పై ఆదివారం నుంచి కోనలో ఆడేది ఇదే." ఎవరికీ చెప్పనిది దాచుకున్నవాడిలా నవ్వి దాన్ని బిస్కట్ల డబ్బాలో పెట్టాడు.

నాకు అర్థమైంది. ఇంకా మెత్తటి చిప్పు. మిగిలిన రెండు కుదుపులు కూడా తీసేసి కోనని ఉయ్యాలతొట్టి చేస్తారన్నమాట. దాన్ని ఈ ముసలాయన కాళ్ళు తోమి మరీ సిద్ధం చేస్తున్నాడు.

పన్నెండు కూత మోగింది. ఎండ ముదిరిందని, బయట ఉన్నవాళ్ళంతా లోపలికి పొమ్మని. తాత గొడుగు తీసుకుని నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు. బిస్కట్ల డబ్బా స్టూలు మీదే ఉంది.

చిప్పు తీసుకున్నాను. దొంగిలించాను అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ప్రజల తరఫున స్వాధీనం చేసుకున్నాను.

రోజు 114

చిప్పు వీపు మీద చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి ఎండ పడితే లోపల రాసుకున్నదంతా చెరిగిపోయి ఖాళీ అవుతుంది. పాతకాలంలో వారం పట్టేదట. ఇప్పటి ఎండకి రెండున్నర రోజులు చాలు. అందుకే లోపల సరుకున్న చిప్పు కిటికీకి నల్ల టేపు అంటిస్తారు. టేపు లేదంటే ఖాళీది. టేపు ఉందంటే ఎవరిదో ఏదో లోపల ఉంది.

దీనికి టేపు ఉంది. అంచులు అరిగిపోయిన పాత టేపు. పీకేశాను.

మేడ మీద అమ్మ బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. పక్కనే పళ్ళెంలో చిప్పు పెట్టాను, కిటికీ ఆకాశం వైపు. కాకుల కోసం మా అమ్మ కట్టిన నల్లగుడ్డ దాని పక్కనే ఎగురుతోంది.

"అదేటే, వడియాల్లో ఆ జెర్రి?" అంది అమ్మ.

"జెర్రి కాదు, చిప్పు."

"ఏదైతే ఏటి. వడియాలకి దూరంగా ఎట్టు, తుప్పు వాసనొస్తాది."

సాయంత్రం కూర్మారావు వచ్చాడు. మా డబ్బా సంఘం మొత్తం మేమిద్దరమే. అతను టంకం పెడతాడు, నేను ఆట రాస్తాను, ఇద్దరం పోట్లాడతాం. చిప్పుల్ని చదివే యంత్రం కూడా అతనిదే. పళ్ళెం చూడగానే అడిగాడు.

"టేపుదేనా?"

"ఆఁ."

"చదివావా?"

సంఘానికి నియమం ఒక్కటే ఉంది. చదవకుండా ఎండ చూపించకు. లోపల ఏముందో ముందు యంత్రంలో పెట్టి నకలు తీసుకోవాలి, తర్వాతే చెరపాలి. పది నిమిషాల పని. మొన్నటి నుంచి ఆ యంత్రం మా ఇంట్లోనే, నా మంచం కింద ఉంది.

"చదివాను," అన్నాను.

"ఏముంది?"

"చెత్త."

అబద్ధమాడుతున్నానని అనిపించలేదు. కమిటీ మెత్తదనం చెత్త కాక మరేంటి? దానికి నకలెందుకు?

రోజు 116

ఆట ఎక్కించాను! పన్నెండో కూర్పు. చిప్పుని ఇటుకలో బిగించాం. కార్ట్రిడ్జ్‌ని మేం ఇటుక అంటాం. డబ్బాలో గుచ్చి స్విచ్చి నొక్కితే బుడ్డ టీవీలో ముందు మంచు కురిసింది, తర్వాత నల్లటి నీళ్ళు, నీళ్ళ మీద నా పడవ. ఎనిమిది చుక్కల వెడల్పు, ఆరు చుక్కల ఎత్తు. కూర్మారావు మూడో మలుపులో మునిగాడు. మళ్ళీ మూడులోనే మునిగాడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పుల్ల పట్టుకుంది, రెండో మలుపు మొసలికి దొరికిపోయింది.

"నన్ను మింగీసిందే!" అని అరిచింది.

మా ఇంట్లో కేక. ఎన్నాళ్ళకి విన్నాను!

ఆరో మలుపు దగ్గర మాత్రం కుదరలేదు. డబ్బాకి మూడే మూడు కూతలు వచ్చు. వాటితోనే నవ్వు చేశాను.

"కోడి గుడ్డెట్టినట్టుంది," అన్నాడు కూర్మారావు.

"నీ మొహంలా ఉంది."

అయినా ఇవాళ నేను సంతోషంగా ఉన్నాను. ఈ వాక్యం కొట్టేయకుండా ఉంచుతాను.

రోజు 117

నాలుగు గంటలకు, ఎండ తగ్గాక, కమిటీ సమావేశం. ఏడాదికొక ఆదివారం ఆపరేటర్ల రోజు, ఈసారి అది ఈ ఆదివారమే. ఆ ఒక్క రోజు ఎవరి ఆటని వాళ్ళు తమకు నచ్చినట్టు నడుపుకోవచ్చు. చివర్లో కాలనీ అంతా చేతులెత్తి చెబితే ఆ ఆట ఏడాదంతా అలాగే ఉంటుంది. కమిటీ పెద్ద విశాలాక్షి గారు జాబితా చదివారు. జెయింట్ వీల్ ఆయన కొత్త దీపాలన్నాడు, దయ్యాలకొంప ఆవిడ సాంబ్రాణి పొగ అంది.

"చీకటికోన? ఎప్పటిలాగే ఏమీ లేదా నాయుడు గారూ? ఈసారి ఒప్పుకుంటే దానికీ పట్టీ బిగించేద్దాం. మీకూ శ్రమ తగ్గుతుంది."

అసిరినాయుడు తాత లేచి నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

"ఈసారి ఉందమ్మా. పాతది ఆడిస్తాను. మొట్టమొదటి చిప్పు. తీసీసినప్పుడు పారీమన్నారు. పారీనేదు. బిస్కట్ల డబ్బాలో దాసాను. రెండేళ్ళు భయపడ్డాను, ఇంక పడను. నవ్వుతో సహా ఉందందులో."

వెనక వరుసల్లో ఎవరో ఈలేశారు.

"ఆ నవ్వు ఎవరిదో తెలుసా మీకు?" అన్నాడు తాత. "యాక్టర్లది కాదు. కోన కట్టేటప్పుడు మైకు పరీక్ష సేస్తన్నారు. ఇంజనీరు బురదలో జారి కూలబడ్డాడు. ఇటకలు మోసే మనిషి ఒకామె సూసి నవ్వీసింది. ఏడు సెకన్లు. ఆపుకోనేక నవ్వింది. అది యంత్రంలో పడిపోనాది. ఆ ఇంజనీరే, ఇంతకన్నా మంచిది దొరకదని ఉంచీసాడు. ఆవిడ పేరు ఎవరూ రాసుకోనేదు. ఈ పార్కు కట్టినోళ్ళలో మిగిలింది ఆ నవ్వొక్కటే."

అప్పుడు నావైపు చూశాడు. కోపంగా కాదు.

"మన పైడిరత్నం గోడ మీద రాసింది నిజమే. తీసింది నేనే. ఎట్టేది కూడా నేనే."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతున్న చేతులు నావేనా అని చూసుకున్నాను.

కూలీల గురించి పధ్నాలుగు కరపత్రాలు కంఠతా వచ్చు నాకు. ఒక కూలీ నవ్వుని వడియాల పక్కన ఎండబెట్టాను.

113వ రోజున రాసిన మాట కొట్టేస్తున్నాను. దొంగిలించాను.

రోజు 118

తాత వెతుకుతున్నాడు. కంట్రోలు గదిలో సొరుగులన్నీ నేల మీద కుమ్మరించాడు.

"రా అమ్మీ, నీ కళ్ళు కుర్ర కళ్ళు. డబ్బాలోనే ఎట్టాను. ఎట్టినట్టే గ్యాపకం. నువ్వూ ఉన్నావు కదా ఆ రోజు?"

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను. "బల్ల కింద చూశావా?" అని వచ్చింది.

మూడు గంటలు ఆయనతో కలిసి వెతికాను. మోకాళ్ళ మీద కూర్చుని, పాత ఫ్యూజుల్లో, గ్రీజు గుడ్డల్లో, ఆయన భోజనం క్యారేజీలో. లేదని నాకు తెలిసిన ప్రతిచోటా. ఒకచోట నల్ల టేపు ముక్క కనిపిస్తే తాత గబుక్కున అందుకున్నాడు. ఉత్త టేపే. దాన్ని వేలికి చుట్టుకుని మళ్ళీ వెతకసాగాడు.

ఇంతకన్నా నీచమైన పని ఈ పుస్తకంలో ఇంకోటి రాయాల్సి రాదనుకుంటున్నాను.

రోజు 119

తాత అన్నిటికీ చీటీలు అంటిస్తున్నాడు. "ఇది స్క్రూల సొరుగు". "గొడుగు ఇక్కడ". "తాళం చొక్కా జేబులో". అరచేతి మీద కూడా ఏదో రాసుకున్నాడు, నేను చూస్తే మూసేశాడు.

"మా అమ్మకి ఇలాగే మొదలయింది," అన్నాడు. "ముందు సామాన్లు. తర్వాత మనుషులు. కడాకి నన్ను పట్టుకుని, నువ్వెవరి బావువు బావూ అనడిగీది."

"ఒక్క వస్తువు కనపడకపోతే అలా అనుకుంటారా తాతా?"

"ఒక్కటి కాదే. ఎట్టింది కళ్ళకి కట్టినట్టుంది. ఎట్టినచోట నేదు. అంటే నా కళ్ళకి కట్టింది అబద్దమన్నమాట. అలాటోడు పడవ నడపొచ్చా? నలభై మంది కూకుంటారందులో."

ఈయన్ని ద్రోహి అని రాశాను. ఇప్పుడు ఈయన తన బుర్రనే నమ్మడం మానేస్తుంటే పక్కన కూర్చుని చీటీలకు జిగురు రాసిచ్చాను.

రోజు 120

కూర్మారావు పరిగెత్తుకుంటూ వచ్చాడు. గొడుగు కూడా లేదు, మెడంతా కందిపోయింది.

"ఒసే, నువ్వు చెరిపిన చిప్పు ఎక్కడిది? తాతదేనా? నిజం చెప్పు, నేనెవరికీ చెప్పను."

తలూపాను.

అతను ఎగిరి గంతేశాడు. "హమ్మయ్య! అనుకున్నాను. భయపడి చస్తున్నావు కదూ? పిచ్చిదానా, నకలుందిగా! చదివానన్నావుగా. చెత్త అనుకున్నా నకలు ఉండే ఉంటుంది. తే, వేరే చిప్పు మీద ఎక్కించేద్దాం. నా దగ్గరున్న ఆటల్లో ఒకటి చెరిపేస్తాను. తాతకి ఎక్కడో దొరికిందని చెప్దాం."

మంచం కింద ఉన్న యంత్రం వైపు చూశాను.

అతని మొహంలో సంతోషం వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. అది చూడటం ఎంత కష్టమో రాయలేను.

"చదవలేదా?"

"లేదు."

"మనకున్నది ఒక్క నియమం కదే," అన్నాడు.

మంచం కింద నుంచి యంత్రం తీసుకున్నాడు. వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

రోజు 121, ఆదివారం

తాత వేదికెక్కి, చిప్పు దొరకలేదని చెప్పాడు. "పోగొట్టాను," అన్నాడు. "పోయింది అనను. పోగొట్టాను."

విశాలాక్షి గారు మంచి మనిషి. ఆ మంచితనమే నన్ను చంపింది. "ఫరవాలేదు నాయుడు గారూ. పాత చీకటికోన ఎలా ఉండేదో చూపించడానికి మన పిల్ల ఒకటి తయారుచేసిందట," అని నా ఇటుక తెప్పించారు. అమ్మ ఇచ్చి పంపింది, గర్వంగా. పెద్ద తెర మీద నా పడవ కదిలింది. ఆరో మలుపులో కోడి కూసింది. ఐదొందల మంది చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "అచ్చం ఇలాగే ఉండేది," అని ఒకాయన పక్కవాళ్ళతో అంటున్నాడు. ఇలా లేదు! దానికి వందోవంతు కూడా కాదు ఇది! అది ఉన్న చిప్పునే చెరిపి, దాని మీద దీన్ని రాశాను!

ఇదంతా లోపల అరిచాను.

చేతులెత్తమన్నారు. పాతది లేనప్పుడు దేనికెత్తాలి? చీకటికోనకి పట్టీ బిగించడానికి ఎక్కువ చేతులు లేచాయి. వచ్చే నెల నుంచి.

అప్పుడు తాత జేబు తడుముకుని కోన తాళంచెవి బయటికి తీశాడు. "నా బుర్ర పన్జెయ్యట్లేదమ్మా. ఈ నెల్రోజులు కూడా నేను నడపకూడదు. ఇంకెవరికైనా ఇచ్చీండి."

"పైడిరత్నానికే ఇద్దాం," అన్నారు విశాలాక్షి గారు. "కోన మీద ఆ అమ్మాయికున్నంత ప్రేమ ఎవరికుంది?"

తాళం తీసుకున్నాను.

దానికి చీటీ వేలాడుతోంది, తాత దస్తూరీతో. "చీకటికోన. తలుపు లోపలికి తొయ్యాలి."

రోజు 122

పట్టీలు కడగలేదు. పొద్దున్నే తాత గదికి వెళ్ళాను. గంజి తాగుతున్నాడు. గోడల నిండా చీటీలు. గంజి గిన్నె ఉన్నచోట కూడా "గిన్నె".

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. డబ్బా, కూత, టేపు, వడియాలు, నకలు తీయకపోవడం, ఆయనతో కలిసి వెతకడం. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ "బల్ల కింద చూశావా" అంటానని భయమేసింది. ఇటుక, తాళం రెండూ ఆయన ముందు పెట్టాను.

తాత గిన్నె కింద పెట్టాడు.

"డబ్బాలోనే ఎట్టాను," అన్నాడు.

"డబ్బాలోనే పెట్టావు."

"స్టూలు మీద."

"స్టూలు మీదే."

"అయితే నాకు మతి పోనేదు."

మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. చేతులు తీస్తే నవ్వుతున్నాడు, కళ్ళు తడిగా. గోడ మీద "గొడుగు ఇక్కడ" చీటీ పీకాడు. ఇంకోటి పీకాడు. ఎనిమిదో తొమ్మిదో పీకాక ఆగి నావైపు తిరిగాడు. అప్పటికి నవ్వు లేదు.

"నాలుగు రోజులు," అన్నాడు. "నాలుగు రోజులు సూసావు నన్ను. చీటీలకి జిగురు రాసావు."

"అవును."

"చిప్పు పోతే పోనాది. కుర్రదానివి, కోపంలో సేసావు. నేనూ ఓ కోపంలో ఓసారి పడవకి సుత్తేసి కొట్టాను. కానీ నేను పిచ్చోడ్ని అయిపోతన్నానని సెప్పుకుంటంటే సూస్తా కూకున్నావు సూడు..." గంజి గిన్నె తీసి గోడకేసి కొట్టాడు. నా పక్క నుంచే వెళ్ళింది. కదలలేదు. తగిలినా బాగుండేది.

ఆ తర్వాత ఇటుక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులోనేనా ఉండీది?"

"ఇందులోనే."

చెవి దగ్గర పెట్టుకున్నాడు. శబ్దమేమీ రాదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా పెట్టుకున్నాడు.

"నిన్న ఆ కోడికూత ఏటి?"

"నవ్వు బదులు పెట్టాను."

"తీసీ. నేకుండా పోయిందాన్ని ఉన్నట్టు ఎట్టకు. ఎంతసేపు నవ్విందో అంతసేపు ఉత్తినే ఉంచు. ఎవరైనా అడిగితే నువ్వే సెప్పు. నోటితో. అడిగిన ప్రతోళ్ళకీ. గోడ మీద రాయడం నీకు సులువు."

రోజు 123

నాలుగు గంటలకు అదే వేదిక మీద, అదే జనం ముందు చెప్పాను. రాసుకుని వెళ్ళలేదు. కరపత్రం భాష ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు. ముందు వరుసలో అమ్మ ఉంది. సగంలో లేచి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళేసరికి మేడ మీద వడియాలన్నీ ఎత్తేసి, పళ్ళెం బోర్లించి ఉంది.

నన్ను పట్టీల పని నుంచి తీయలేదు, జీతం కోయలేదు. తాళం తాతకి తిరిగిచ్చారు, ఈ నెల వరకు. మళ్ళీ చేతులెత్తించమని ఒకరిద్దరు అన్నారు. "దేని కోసం?" అన్నాడు తాత.

టికెట్ల గోడ మీద నా కరపత్రం నేనే గీకాను. జిగురు బాగా పట్టింది. "ద్రోహి" పోయింది కానీ కాగితం ఆకారం మరకలా మిగిలింది.

రోజు 131

పదమూడో కూర్పు.
మార్పు: ఆరో మలుపు దగ్గర కూత తీసేశాను. అక్కడ పడవ ఆగుతుంది, తెర నల్లబడుతుంది, ఏడు సెకన్లు. తర్వాత ఏడో మలుపు.

కోన బయట డబ్బా పెట్టడానికి తాత ఒక బల్ల ఇచ్చాడు. నాతో ఇంకా మాట్లాడడు. పొద్దున బల్ల ఒక కాలు ఊగుతోంటే దాని కింద మడతపెట్టిన చీటీ దోపి వెళ్ళాడు. విప్పి చూశాను. "తాళం చొక్కా జేబులో". మళ్ళీ మడిచి అక్కడే పెట్టాను.

పట్టీలు కడిగి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాను. కూర్మారావు దూరం నుంచి చూసి వెళ్ళిపోయాడు. పదింటికి పొరుగూరి నుంచి వచ్చిన ఒకావిడ పుల్ల పట్టుకుంది. చెయ్యి తిరిగిన మనిషి, ఐదు మలుపులు దాటింది. ఆరో మలుపులో తెర నల్లబడింది. ఆవిడ బొత్తాం నొక్కింది, మళ్ళీ నొక్కింది, డబ్బాని తట్టింది.

"ఏమ్మా, ఇది పాడైందా?"

"లేదండీ," అన్నాను. "అక్కడ ఒకామె నవ్వు ఉండేది."

"ఏమైంది?"

పడవ కదిలి ఏడో మలుపులోకి వెళ్ళింది. ఆవిడ దాన్ని వదిలేసి నావైపు చూస్తోంది. లోపలికి తోసే తలుపు దగ్గర తాత స్టూలు వేసుకుని, ఇటు తిరగకుండా కూర్చున్నాడు. పన్నెండు కూతకి ఇంకా రెండు గంటలుంది.

చెప్పడం మొదలుపెట్టాను.